లాల్‌బాగులో మరుగుపడిన తోటలు

బెంగుళూరున స్థిరపడిన తెలుగు కుటుంబములలో లాల్‌బాగు నెఱుగని పిల్లవాడుండడు. పూల ప్రదర్శనమునకు పోవుట, గాజు మందిరము ముందర నిలిచి ఫోటో తీయించుకొనుట, ఊరినుండి వచ్చిన చుట్టములను బండపై కెక్కించి కెంపెగౌడ గోపురమును చూపుట, ఇవి మన యిండ్లలో తరతరములుగా జరుగుచున్న పనులు. అయినను ఆ తోట నెవరు వేసిరని యడిగినచో "హైదరలీ" యను నొక్కమాటతో సమాధానము ముగియును. ఆ మాట తప్పుగాదు, కాని చాలదు. నేడు మనము చూచు దానిలో హైదరు తోట మిక్కిలి తక్కువ. ఒకరు వేసినదానిపై మఱియొకరు, వారు వేసినదానిపై వేఱొకరు వేయుచు వచ్చిన తోటలు ఐదారు ఆ ప్రాకారములో నున్నవి. పైనున్నది మాత్రమే కంటికి కనబడును. అడుగున పడిపోయినవానిలో నొకటి మన తెలుగుదేశముతో సంబంధము గలది. దానిని గూర్చి మనవారిలో చెప్పుకొనువారు కానరారు గనుక మేమీ వ్యాసమునకు పూనుకొంటిమి.

ముందుగా పేరును గూర్చి యొక మాట. లాల్‌బాగు ఒకటి గాదు, రెండు. శ్రీరంగపట్టణపు ద్వీపమున గంజాము చెంత మఱియొక లాల్‌బాగు ఉండెను. హైదరు, టిప్పుల సమాధులు గల గుంబజు అచ్చటనే యున్నది. 1792లో కార్నువాలిసు సేనలు ఆ తోటలోని సైప్రెసు చెట్లను నఱికి ముట్టడి పనికి వాడుకొన్నవి. ఈ కథను బెంగుళూరు తోటకు అంటగట్టి చెప్పువారు కొందఱున్నారు. పేరొకటే యగుటచే వచ్చిన చిక్కు ఇది. మేము చెప్పబోవునది బెంగుళూరు తోటను గూర్చియే.

హైదరలీ ఈ తోటను 1760లో ఆరంభించెను. విస్తీర్ణము సుమారు 40 ఎకరములు. నేటి తోట 240 ఎకరములు, అనగా అతనిది ఆరింట నొకపాలు మాత్రమే. సిరాలో మొగలాయి ఫౌజుదారు దిలావరుఖాను వేయించిన తోటను చూచి అట్టిదే తనకును కావలెనని హైదరు తలచెనని చెప్పుదురు. సిరా మన మడకశిరకు చేరువనున్న ఊరు. కన్నడము, తెలుగు, ఉరుదూ ఒకే సంతలో వినబడు సీమ అది. తోటలు వేయు మొగలాయి పద్ధతి దక్షిణమునకు ఇట్టి ఊళ్ల మీదుగా దిగివచ్చినది.

ఆ తోట రూపమెట్టిదో తెలిసికొనుటకు మనకున్న మేలైన సాక్షి ఫ్రాన్సిసు బుకానను. శ్రీరంగపట్టణము పడిన మఱుసటి యేడు, 1800లో, అతడు కుంఫిణీవారి పనుపున మైసూరు రాజ్యమెల్ల తిరుగుచు బెంగుళూరు వచ్చి ఈ తోటను చూచెను. నేలనంతటిని చదరపు మడులుగా విభజించిరనియు, నడుమ నడువుదారులనియు, వాని కిరుప్రక్కల సైప్రెసు చెట్లు బారులు తీరియుండెననియు వ్రాసెను. అతనికి వింతగా తోచినది వేఱొకటి. ఒక్కొక్క మడిలో ఒక్కజాతి మొక్కయే. ఒకదాని నిండ గులాబులు, మఱియొకదాని నిండ దానిమ్మలు, ఈ తీరున. పలుజాతులను కలగలిపి నాటుట ఆంగ్లేయుల పద్ధతి; జాతికొక మడి కేటాయించుట మహమ్మదీయుల పద్ధతి. మన పల్లెలలో అరటితోట, తమలపాకు తోట, నిమ్మతోట యని వేర్వేఱుగ నుండుట చూచినవారికి ఇందులో వింత తోపదు. ద్రాక్ష, సీమరేగు, స్ట్రాబెరీ పండ్లు ఆ తోటలో కాయుచుండెను. గుడ్‌హోపు అగ్రమునుండి తెప్పించిన ఓకు, పైను మొక్కలు బ్రతికి పెరుగుచుండెను.

ఈ మొక్కలలో కొన్ని టిప్పు కాలమున చేరినవి. తండ్రికి తోటపై వేడుక యైనచో, కొడుకునకు అది రాచకార్యము. 1787లో ఫ్రాన్సు రాజు పదునాఱవ లూయీ కడకు రాయబారులను పంపినపుడు సైనిక సహాయముతోబాటు విత్తనములను, మొక్కలను, తోటపని తెలిసినవారినిగూడ అడుగుమని ఆనతిచ్చెను. ఫిరంగుల జాబితాలో పూలవిత్తనములను చేర్చిన ప్రభువులు చరిత్రలో ఎక్కువమంది లేరు. 1799 మే 4వ తేదీన అతడు కోటలో పోరాడి మరణించెను. తోట కుంఫిణీవారి కైవసమయ్యెను.

ఇచ్చటినుండి కథ మన గోదావరి తీరమునకు మరలవలెను.

కాకినాడ చెంతనున్న సామర్లకోటను మనవారిలో పలువు రెఱుగుదురు. భీమేశ్వరస్వామిని సేవింపబోయినవారు కొందఱు, రైలు మాఱుటకు దిగినవారు కొందఱు. ఆ ఊర 1781 మొదలు విలియం రాక్సుబరో యను స్కాట్లండు వైద్యుడు కుంఫిణీ కొలువున నుండెను. వైద్యము పేరునకు మాత్రమే. అతని మనస్సంతయు మొక్కలమీద. సామర్లకోటకు ఉత్తరముననున్న కొండలలో అడవి మిరియపు తీగె దొరకగా దానిని తెచ్చి తోటవేసెను. చెఱకు, నీలి మొదలగువానితో ప్రయోగములు చేసెను. మన దేశస్థులగు చిత్రకారులను కుదిర్చి, మొక్క మొక్కకు ఆకు, పువ్వు, కాయ, గింజ విడివిడిగ కనబడునట్లు రంగుల పటములు వ్రాయించెను. 1787లో కోరంగి సీమను సముద్రము ముంచెత్తినపుడు అతని పుస్తకములు, ఎండబెట్టి దాచిన మొక్కలు కొట్టుకొనిపోయినవి. యానాం వాసులగు మన సోదరుల పెద్దలు చెప్పుకొన్న ఉప్పెనలలో నిది యొకటి. అతడు మరల మొదటినుండి సేకరించెను. 1795 మొదలు లండనులో వెలువడిన "కోరమాండలు తీరపు మొక్కలు" అను మూడు సంపుటముల గ్రంథమున 300 పటములున్నవి. దానికి పునాది పడినది ఈ సర్కారు జిల్లాల నేలమీదనే.

ఆ గ్రంథములలో మనము గర్వింపదగిన విషయమొకటి యున్నది. రాక్సుబరో ప్రతి మొక్కకును లాటిను పేరుతోబాటు స్థానికుల పేరునుగూడ అడిగి వ్రాసికొనెను. అతడున్న చోట స్థానికులనగా తెలుగువారు. కావున "తెలింగుల" పేరని గుర్తువేసి తెలుగుమాటలను పుటపుటను అచ్చువేయించెను. కొన్నియెడల ఆ మాటలే శాస్త్రనామములైనవి. మన సోమిద చెట్టు బెరడు జ్వరమునకు పనిచేయునని గమనించి, అమెరికానుండి వచ్చు సింకోనా బెరడునకు బదులుగా దానిని వాడవచ్చునని 1793లో ప్రకటించెను. తరువాతివారు ఆ చెట్టు జాతికి "సోయ్‌మిడా" యనియే పేరుంచిరి. గరుగ చెట్టు "గరుగా" జాతి యయ్యెను. కాచు తీయు సండ్ర చెట్టు పేరు "సుంద్ర" యను రూపమున శాస్త్రగ్రంథముల కెక్కినది. లండనులోను, పారిసులోను పండితులు పలుకు ఈ మాటలు సామర్లకోట పరిసరములలో కట్టెలు కొట్టువారి నోట వినబడినవే.

1793లో రాక్సుబరో కలకత్తా తోటకు అధిపతియై వెడలెను. సామర్లకోట తోట బాధ్యత బెంజమిను హేను అను జర్మను వైద్యునిపై పడెను. ఇతడు తరంగంబాడి మొరేవియను క్రైస్తవ సంఘముతో వచ్చి, కుంఫిణీ కొలువున చేరినవాడు. టిప్పు పతనానంతరము కలిను మెకంజీ మైసూరు రాజ్యమును సర్వే చేయ బయలుదేరినపుడు హేనును వైద్యునిగను, వృక్షశాస్త్రజ్ఞునిగను ఆ బృందమున చేర్చిరి. అదే సమయమున, 1800లో, గవర్నరు జనరలు వెల్లెస్లీ బెంగుళూరి సుల్తాను తోటను కుంఫిణీవారి శాస్త్రీయ వనముగా మార్పించి హేను చేతి కప్పగించెను. అందము, అపురూపత చూచిగాక ఉపయోగము చూచి మొక్కలను పెంచవలెనని ఆజ్ఞ. సామర్లకోటలో మిరియపు తీగెలకు పందిళ్లు వేయించిన మనిషి బెంగుళూరులో గులాబి మడుల నడుమకు వచ్చి నిలిచెను.

ఈ రెండవ తోటయే మరుగుపడినది. హైదరు తోటకు కథలున్నవి, ఆంగ్లేయుల తోటకు గాజు మందిరమున్నది. హేను తోటకు గుర్తుగా రాయి గాని, ఫలకము గాని లాల్‌బాగున మాకంట పడలేదు. అయినను ఆ కొద్ది సంవత్సరముల మార్పు చిన్నదిగాదు. ఒక ప్రభువు విహారమునకై వేసిన చోటు, ఏ మొక్క ఏ నేల పండునో పరీక్షించు చోటైనది. అటుపిమ్మట రెండువందల యేండ్లకు పైగా లాల్‌బాగు చేసినపని ప్రధానముగా నిదియే.

మెకంజీ బృందముననే మఱికొందఱు తెలుగువా రుండిరి. ఏలూరు వాస్తవ్యులగు కావలి సోదరులు బొఱ్ఱయ్య, లక్ష్మయ్య, రామస్వాముల పేర్లు శాసనముల చరిత్ర చదివినవారికి సుపరిచితములు. బొఱ్ఱయ్య హళగన్నడ శాసనములను చదివి మెకంజీకి తెలియజెప్పినవాడు. 1803లో చిన్నవయసుననే గతించెను. రామస్వామి దక్కను కవుల చరిత్రను ఆంగ్లమున వ్రాసి 1829లో ప్రకటించెను. హేను మొక్కలను ఏర్చుచుండగా, అదే సర్వేలో వీరు శాసనములను, కైఫీయతులను ఏర్చుచుండిరి. కన్నడదేశపు చరిత్రకు, తెలుగువాని చేయూతకు గల సంబంధము ఎంత పాతదో తెలియుటకు ఇంతకంటె మంచి ఉదాహరణము మాకు తోచదు. హేను తన అనుభవములను 1814లో లండనున అచ్చువేయించి, 1819లో చెన్నపట్టణమున కన్నుమూసెను.

తరువాతి నలుబది యేండ్లను త్వరగా దాటిపోవచ్చును. తోట మేజరు గిల్బర్టు వా యనువాని చేతికి వచ్చి, 1819లో అతడు కుంఫిణీకి అప్పగింపగా, కలకత్తా తోట అధిపతి వాలిచ్చి పర్యవేక్షణ క్రిందికి పోయెను. కలకత్తానుండి బెంగుళూరు తోటను ఏలుట ఎట్లు సాగునో ఊహింప కష్టముగాదు. 1831లో మైసూరు పరిపాలనమును ఆంగ్లేయులు గైకొనగా తోటయు కమీషనరు వశమయ్యెను. 1836లో విలియం మన్రో యను సైనికాధికారి వ్యవసాయ, ఉద్యాన సంఘమును స్థాపించి దీనిని చేపట్టెను. 1842లో ఆ సంఘము మూతపడెను. చివరకు 1856లో, క్లెగ్‌హారను సలహాపై, ప్రభుత్వోద్యానవనముగా స్థిరపడెను.

1858లో లండను క్యూ వనమునుండి వచ్చిన విలియం న్యూ కాలమున నొక జంతుశాలయు లాల్‌బాగున వెలసెను. పులులు, ఎలుగులు, కోతులు, నెమళ్లు అచ్చట నుండెను. ఇరువదవ శతాబ్ది తొలినాళ్లకు అది యెత్తిపోయినది. ఇప్పటికిని నిలిచియున్న పావురాల గూడు ఆ కాలపు ముచ్చట యొక్క మిగులు. న్యూ చేసిన మేలైన పని జంతువులు గావు, 1861లో అచ్చువేయించిన మొక్కల పట్టిక. అతని తరువాత 1874లో వచ్చిన జాను కెమెరను 1880లో మఱియొక పట్టిక వెలువరించెను. రెండింటిని ప్రక్కప్రక్కన పెట్టి చదివినవారికి ఏ మొక్క నిలిచినదో, ఏది పోయినదో తెలియును. మరుగుపడిన తోటల జాడ తీయుటకు గునపముకంటె ఇట్టి పట్టికలే యెక్కువ పనికివచ్చును.

కెమెరను మన వంటయింటి కిచ్చిన కానుక యొకటి యున్నది. మెక్సికో ప్రాంతపు తీగె కాయ నొకదానిని అతడు తెప్పించి బెంగుళూరున వ్యాపింపజేసెనని ప్రసిద్ధి. కన్నడిగులు దానిని సీమె బదనె యందురు. తెలుగుదేశమున దాని పేరు బెంగుళూరు వంకాయ. అది వంకాయయు గాదు, పుట్టుక బెంగుళూరునను గాదు. అయినను విజయవాడ బజారులో ఆ పేరుతోనే తూచి యిత్తురు. మనయిండ్ల కోడండ్రు దానిని పెసరపప్పుతో కూరగా వండునపుడు లాల్‌బాగును తలచుకొనుట లేదు గాని, తలచుకొనదగినదే.

తోట పెరిగినదియు కెమెరను కాలముననే. 1889లో తూర్పున 30 ఎకరములు, 1891లో బండతో కూడిన 13 ఎకరములు, 1894లో బండక్రింద మఱి 94 ఎకరములు చేర్చిరి. దీనివలన రెండు సంగతులు తేలుచున్నవి. హైదరు, హేనుల తోట జాడ వెదకువారు బండకు పడమటిభాగమున వెదకవలెను. కెంపెగౌడ గోపురము మొదట తోటలోనిది గాదు. తోటయే తరువాత గోపురము కడకు వచ్చినది. ఆ బండ మూడువందల కోట్ల యేండ్ల నాటిదని భూగర్భశాస్త్రజ్ఞు లందురు. దాని ముందర మన లెక్కలన్నియు నిన్నటివే. "గంగాగౌరీ విలాసము" అను తెలుగు యక్షగానము కెంపెగౌడ పేర వెలసియున్నదని సాహిత్యాభిమానులకు గుర్తుచేయుదుము.

గాజు మందిరపు శంకుస్థాపనను గూర్చి కొన్ని పుస్తకములలో 1898 అని కనబడుచున్నది. అది పొరపాటు. శంకుస్థాపన చేసిన ఆల్బర్టు విక్టరు రాజకుమారుడు 1892 జనవరిలోనే మరణించెను. సరియైన తేది 1889 నవంబరు 30. అంకెలు తాఱుమాఱైనవి. ఇనుప కమ్ములు గ్లాస్గో నగరపు మాక్‌ఫార్లేను కర్మాగారమున పోతపోసి ఓడలపై తెచ్చినవి. 1908లో వచ్చిన జర్మను నిపుణుడు క్రుంబీగలు, నగరపు వీథులలో ఒక చెట్టు పూత ముగియుసరికి మఱియొకటి పూయునట్లు చెట్లను ఎన్నికచేసెను. అతని పిమ్మట 1932లో జవరాయ, 1951లో మరిగౌడ. ఈ మువ్వురి సేవ వేఱుగ వ్రాయదగినంతటిది గనుక ఇచ్చట విస్తరింపము.

అధిపతుల పేర్లు ఇట్లు వరుసగా చెప్పుచు పోయినచో, నీళ్లు తోడినవారి మాట మఱచినట్లగును. బెంగుళూరు తోటపనికి తిగళులు పేరుపొందినవారు. చైత్ర పూర్ణిమనాడు ధర్మరాయస్వామి గుడినుండి కరగము నెత్తుకొనువారు వీరే. పూర్వము తమిళదేశమునుండి వచ్చి ఇచ్చట స్థిరపడి, ఈ నగరపు ఉత్సవమునే తమ యుత్సవముగా జేసికొన్న జనులు. వేఱు భాషతో వచ్చి ఈ యూరివారమైన మనకు వారి కథ దూరమైనది గాదు.

తోటపై ఒత్తిడి నేటికిని తీరలేదు. ఉద్యానముల రక్షణకై 1975లో చట్టము చేసినను, 2009లో మెట్రోరైలు కొఱకు ప్రహరీగోడ కొంత పడగొట్టి చెట్లను నఱికిరి. నగరవాసులు వీథి కెక్కిరి. 2025లో భూమిక్రింద త్రవ్వదలచిన సొరంగపు దారికి ఈ నేల కొంత కావలసివచ్చునని తెలియగా మరల ఆందోళన రేగెను. హేను తోట ఒక యుత్తరువుతో పుట్టి, మఱియొక యుత్తరువుతో చేతులు మాఱి మరుగుపడిన సంగతి యెఱిగినవారు ఇట్టి వార్తలను తేలికగా తీసికొనజాలరు.

నేల విషయము ప్రభుత్వముల చేతిది. పేర్ల విషయము మన చేతిది. లాల్‌బాగునకు పోయిన మన పిల్లలు చెట్టునకు కట్టిన పలకమీది లాటిను పేరు చదువుదురు, ఆంగ్లనామము చెప్పుదురు, బడిలో నేర్చిన కన్నడనామము చక్కగ పలుకుదురు. తెలుగున నడిగిన మామిడి, వేప, చింతల కడ ఆగిపోవుదురు. వారి తప్పేమియు లేదు, చెప్పినవారము లేము. రెండువందల యేండ్ల క్రిందట నొక పరదేశి సామర్లకోట పల్లెలలో నిలిచి అడిగి వ్రాసికొన్న పేర్లను మన యిండ్లలో మూడవ తరము మఱచుచున్నది. సోమిద యనగా నేమని ఇటీవల సంఘపు సమావేశమున మేమడుగగా, కర్నూలు జిల్లా నుండి యేబది యేండ్ల క్రిందట వచ్చిన యొక పెద్దమ్మగారు తప్ప మఱెవ్వరును చెప్పలేకపోయిరి. ఆమె ఆ చెట్టును మాత్రమేగాక, దాని బెరడుతో కషాయము కాచు విధమునుగూడ చెప్పెను.

కావున సభ్యుల నొకటి కోరుచున్నాము. వచ్చు పూల ప్రదర్శనమునకు ముందు ఒక ఆదివారమున ఇంటి పెద్దలతో లాల్‌బాగు పడమటి ద్వారము కడ కలిసికొందము. ఎవరి సీమలో ఏ చెట్టునకు ఏ పేరో, కోస్తా మాట, రాయలసీమ మాట, హోసూరు మాట, బరంపురపు మాట వేర్వేఱుగ వ్రాసికొందము. పెద్దలు బండ యెక్క నక్కఱలేదు. ఎండ ముదురక ముందే, ఉదయము 7 గంటలకు మొదలుపెట్టిన చాలును. కాగితములు, కలములు సంఘమువారు తెత్తురు.